ఏ నరం కోస్తారో చెప్పండి

మెదడు దెబ్బతినడం వల్ల బిగుసుకుపోయిన కాళ్ళకూ చేతులకూ వైద్యం చేసే న్యూరాలజిస్టులకు, న్యూరోసర్జన్లకు, ఎముకల డాక్టర్లకు, పిల్లల డాక్టర్లకు, ఫిజియోథెరపిస్టులకు,

నమస్కారం.

మా అమ్మాయికి నాలుగున్నరేళ్ళప్పుడు ఒక డాక్టరుగారు దాని పాదం పట్టుకుని పైకి వంచి చూసి, "మడమ దగ్గర నరం కాస్త కోసి వదులు చేస్తే కాలు నేలకు ఆనుతుంది" అన్నారు. రెండు నెలల తర్వాత ఇంకో డాక్టరుగారు "వెన్నులో కొన్ని నరాలు కోయాలి" అన్నారు. మూడో ఆయన "నరాలేవీ కోయొద్దు, పొట్టలో పంప్ పెడదాం" అన్నారు. ఇంటికొచ్చి నేనూ మా ఆవిడా అర్ధరాత్రి దాకా తలలు పట్టుకు కూర్చున్నాం. ముగ్గురూ ఒకే నరం గురించి మాట్లాడుతున్నారనీ, ముగ్గురికీ అభిప్రాయం కుదరలేదనీ, వాళ్ళలో ఒకరే కరెక్టు అయ్యుంటారనీ మా లెక్క.

ఆ లెక్క ఎంత తప్పో తెలియడానికి ఏడాదిన్నర పట్టింది. తప్పంతా మీదే అనను. తెలుగులో నరం అనే మాటే అలాంటిది. రక్తం పారేదీ నరమే, మెదడు కబురు మోసేదీ నరమే, కండరాన్ని ఎముకకు కట్టేసే తాడూ నరమే. ఇంజెక్షన్‌కి నరం దొరకలేదంటాం, మెడ నరం పట్టేసిందంటాం, మడమ నరం లాగుతోందంటాం. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు దీనివల్ల ఏ నష్టమూ లేదు. కత్తి పట్టుకునే మనిషి, సంతకం పెట్టాల్సిన మనిషితో ఈ మాట అన్నప్పుడే వస్తుంది చిక్కు. ఈ ఉత్తరం ఆ చిక్కు గురించే.

మా అమ్మాయి ముప్ఫయ్యో వారంలో పుట్టింది. స్కాన్‌లో మెదడు లోపలి తెల్ల భాగం దెబ్బతిన్నట్టు కనిపించింది. రెండు కాళ్ళూ బిగుతు, చేతులు దాదాపు మామూలే. స్పాస్టిక్ డైప్లీజియా అన్నారు, సెరిబ్రల్ పాల్సీలో ఒక రకం. మునివేళ్ళ మీద, మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటూ, వాకర్ పట్టుకుని నడిచేది.

బిగుతు అంటే ఏమిటో మాకు సరిగ్గా చూపించింది డాక్టర్లు కాదు, ఒక ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి. మా పాప పాదాన్ని చాలా నెమ్మదిగా పైకి వంచింది. పాదం చక్కగా వచ్చింది, ఇంకాస్త కూడా వచ్చింది. "ఇప్పుడు చూడండి" అని అదే పాదాన్ని గబుక్కున వంచింది. మధ్యలో ఏదో కొక్కెం తగిలినట్టు టక్కున ఆగిపోయింది. "నెమ్మదిగా వస్తోందంటే కండరం పొడవు ఇంకా ఉంది. వేగానికి ఆగుతోందంటే అది నరాల నుంచి వచ్చే బిగుతు. నెమ్మదిగా లాగినా రాని రోజు వస్తే అప్పుడు కండరమే కురచైపోయిందని అర్థం" అంది. రెండు నిమిషాలు పట్టింది. అంతకుముందు పాదం వంచి చూసిన వాళ్ళెవరూ మా ముందు రెండు వేగాలతో వంచలేదు. వంచి ఉంటే మాకు చెప్పలేదు.

ఆ రెండు నిమిషాల్లోనే సగం ప్రశ్నలకు జవాబు ఉంది. కండరం పొడవు ఉన్నప్పుడు మడమ తాడు కోసి పొడిగించడం దేనికి? కండరం కురచైపోయాక వెన్నులో ఎన్ని నరాలు కోస్తే మాత్రం ఆ పొడవు తిరిగొస్తుందా? ఇంత చిన్న సంగతి మొదటి రోజే తెలిసి ఉంటే ముగ్గురు డాక్టర్ల మాటలూ మాకు వేరేగా వినిపించేవి.

తర్వాత నేను చదివి, మీలో కొందరిని విసిగించి నేర్చుకున్నది నా మాటల్లో చెబుతాను. కండరం లోపల సాగుడును కనిపెట్టే చిన్న చిన్న కండెలు ఉంటాయి. కండరం సాగగానే అవి వెన్నుపాముకు కబురు పంపుతాయి. వెన్నుపాము వెంటనే ఆ కండరాన్నే బిగించమని తిరుగు కబురు పంపుతుంది. ఇది అందరిలోనూ జరిగేదే. డాక్టరు మోకాలి మీద సుత్తితో తడితే కాలు ఎగరడం ఇందువల్లే. మామూలు మనిషిలో పైనుంచి మెదడు "చాల్లే, కాస్త ఆగు" అని అదుపు చేస్తూ ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టడం వల్లో, పక్షవాతం వల్లో, తలకు దెబ్బ తగలడం వల్లో ఆ అదుపు పోతే, చిన్న సాగుడుకు కూడా పెద్ద బిగుతు పుడుతుంది. వేగంగా లాగితే ఎక్కువ బిగుసుకోవడమే దీని గుర్తు అని 1980లో జేమ్స్ లాన్స్ అనే నరాల డాక్టరు ఇచ్చిన నిర్వచనాన్ని మీరు కాలేజీలో చదువుకునే ఉంటారు.

ఇప్పుడు ఆ కబురు తిరిగే దారిని ఒక కాగితం మీద గీస్తే, మాకు ముగ్గురు డాక్టర్లు చెప్పినవి మూడూ ఆ దారిలో మూడు వేరువేరు చోట్లు. కండరం నుంచి వెన్నుపాముకు వెళ్ళే కబురు తీగను కోయడం ఒకటి. వెన్నుపాము దగ్గరే మందు వదిలి దాన్ని శాంతపరచడం ఒకటి. దారిని ముట్టుకోకుండా చివరన ఉన్న తాడును పొడిగించడం ఒకటి. మాకు ఎవరూ చెప్పని నాలుగోది కూడా ఉంది, వెన్నుపాము నుంచి కండరానికి వచ్చే తీగలో కొంత భాగం కోయడం. చదవడానికి ఇంత తేలిగ్గా ఉన్న బొమ్మను గీయడానికి ఓపీలో టైమ్ ఉండదని తెలుసు. కానీ టైమ్ లేక చెప్పని మాటకు మేము నెలల టైమ్ కట్టాం.

వెన్ను ఆపరేషన్ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే మా అమ్మాయికి చివరికి అదే జరిగింది. సెలెక్టివ్ డోర్సల్ రైజాటమీ, అంటే వెన్నులో వెనక వైపు నరాల వేర్లలో కొన్ని పోగులను ఎంచి కోయడం. పేరు వినగానే మా ఆవిడ ఏడ్చింది. వెన్నులో కత్తి అంటే కాళ్ళు పూర్తిగా పడిపోతాయేమోనని. నిజానికి ఈ ఆపరేషన్ వెనకున్న ఆలోచన వంద సంవత్సరాల పైబడినది. 1898లో షెరింగ్టన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త పిల్లుల్లో మెదడు అదుపు తీసేస్తే కాళ్ళు కర్రల్లా బిగుసుకోవడం, వెన్నుపాములోకి కబురు తెచ్చే వెనక వైపు నరాల వేర్లు కోయగానే ఆ బిగుతు పోవడం చూపించాడు. ఆ తర్వాత పదేళ్ళకే జర్మనీలో ఫోర్‌స్టర్ అనే డాక్టరు మనుషులకు చేశాడు. అయితే వేర్లకు వేర్లు కోసేస్తే స్పర్శ కూడా పోయేది. ఇటలీలో ఫసానో 1970లలో ఒక్కో పోగును కరెంటుతో పరీక్షించి ఏది అతిగా స్పందిస్తుందో చూసి కోయడం మొదలుపెట్టాడు. కేప్‌టౌన్‌లో వార్విక్ పీకాక్ 1980లలో దాన్ని నడుము కిందికి, వేర్లు విడివిడిగా గుర్తుపట్టగలిగే చోటికి దించాడు. ఈ కథ నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే మా ఆవిడ ఆ రాత్రి ఏడ్చేది కాదనను, కానీ తక్కువ ఏడ్చేది.

కాళ్ళ నుంచి వచ్చే వెనక వేరు ఒక్కోదాన్ని మూడు నుంచి ఐదు పోగులుగా విడదీస్తారు. ఒక్కో పోగుకు కరెంటు తగిలించి, ఏ కండరాలు ఎలా ఎగురుతున్నాయో తెర మీద చూస్తారు. అతి చేసే పోగులను కోస్తారు, మిగిలినవి వదిలేస్తారు. కదలిక ఆజ్ఞలు మోసే ముందు వేర్లను ముట్టుకోరు. అందుకే కాళ్ళు పడిపోవు. కోసింది మళ్ళీ అతకదు, కాబట్టి బిగుతు తగ్గడం శాశ్వతం. తప్పు పిల్లకు చేస్తే ఆ తప్పు కూడా శాశ్వతమే. అందుకే ఎవరికి చేయాలన్నది ఇక్కడ అన్నిటికంటే పెద్ద ప్రశ్న. నెలలు తక్కువగా పుట్టి, కాళ్ళలో ప్రధానంగా స్పాస్టిసిటీయే, అంటే వేగంగా లాగితే పెరిగే ఈ బిగుతే ఉండి, ఆ బిగుతు కింద కొంత బలం ఉండి, సాయంతోనో సాయం లేకుండానో నడిచే పిల్లలు, సుమారు మూడు నుంచి పదేళ్ళ మధ్య వాళ్ళు, దీనికి బాగా సరిపోతారని నాకు చెప్పారు. మెలికలు తిరిగే డిస్టోనియా ఎక్కువగా ఉన్న పిల్లలకు ఇది పనిచేయదు. ఆ తేడా కళ్ళతో పట్టుకోవడం కష్టమని ఒప్పుకుంటాను. మా పక్క మంచంలోని బాబుకు పైకి చూస్తే మా అమ్మాయిలాంటి బిగుతే. నిద్రపోతే ఒళ్ళంతా సడలిపోయేది, మాట్లాడించగానే చెయ్యి వెనక్కి మెలిక తిరిగేది. అతనికి ఈ ఆపరేషన్ వద్దన్న డాక్టరుగారికి ఆ తల్లిదండ్రులు ఆ రోజు కోపగించుకున్నారు. ఇప్పుడు దండం పెడతారు.

ఫలితం గురించి కూడా మీలో చాలామంది రెండు కొసల్లోనే మాట్లాడతారు. "పరుగెత్తుతుంది" అని ఒకరు, "దానివల్ల ఏమీ రాదు" అని ఇంకొకరు. మూడు రాండమైజ్డ్ ట్రయల్స్‌ను, అంటే ఎవరికి ఏ వైద్యమో చీటీ వేసినట్టు పంచి పోల్చిన పరీక్షలను, కలిపి 2002లో చూసినప్పుడు, ఫిజియోథెరపీ ఒక్కటే తీసుకున్న పిల్లల కంటే ఆపరేషన్ కూడా చేయించుకున్న పిల్లల కదలికల్లో మెరుగు కనిపించింది, అయితే ఆ మెరుగు పెద్దదేమీ కాదు. బిగుతు మాత్రం స్పష్టంగా తగ్గింది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య సంస్థ కొన్నేళ్ళు పిల్లలను గమనించి చూశాకే 2018లో దీన్ని తన ఖర్చుతో ఎంపిక చేసిన పిల్లలకు చేయించడం మొదలుపెట్టింది. మాకు కావాల్సింది ఇలాంటి మాట. సినిమా ముగింపు వద్దు, శ్మశాన వైరాగ్యమూ వద్దు.

ఆపరేషన్ తర్వాతి నెలల గురించి ఎవరూ చెప్పలేదు. లేదా మేం వినే స్థితిలో లేమేమో. మొదటి వారాల్లో దాని కాళ్ళు తడిగుడ్డల్లా వేలాడాయి. అంతకుముందు వాకర్‌తో నడిచిన పిల్ల కూర్చోడానికి కూడా మనిషి కావాల్సి వచ్చింది. మేం దాన్ని పాడు చేశామనుకున్నాం. తర్వాత తెలిసింది, అది నిలబడింది బలంతో కాదు, బిగుతుతో. బిగుతు కర్రల్లా కాళ్ళను నిలబెట్టింది, దాని వెనక దాక్కున్న బలహీనత బిగుతు పోగానే బయటపడింది. ఆ బలాన్ని మళ్ళీ కట్టుకోవడానికి రోజూ వ్యాయామాలతో దాదాపు ఏడాది పట్టింది. ఇప్పుడు పదకొండేళ్ళు. రెండు చేతికర్రలతో స్కూల్లో తిరుగుతుంది. మునివేళ్ళ మీద నడక పోయింది. కూర్చుని బట్టలు తనే వేసుకుంటుంది. ఇందులో ఆపరేషన్ వాటా ఎంత, ఎదుగుదల వాటా ఎంత, వ్యాయామం చేయించిన మా అత్తగారి మొండితనం వాటా ఎంత అంటే నేను చెప్పలేను. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు పెద్ద కదలికల్లో తాము చేరగలిగిన మెట్టుకు 90 శాతం సుమారు ఐదేళ్ళ లోపే చేరతారని కెనడా పరిశోధకులు 2002లోనే చూపించారట. ఆపరేషన్‌కి ముందూ తర్వాతా తీసిన వీడియోలు చూపించేటప్పుడు ఈ మాట కూడా పక్కన చెప్పండి.

బిగుతు వెనక బలహీనత దాక్కుంటుందన్న ఈ ఒక్క సంగతి, ఏ ఆపరేషన్‌కైనా ముందు చెప్పాల్సింది. కొందరికి ఆ బిగుతే ఆసరా. కుర్చీ నుంచి మంచానికి మారడానికి, స్నానానికి ఒక్క నిమిషం నిలబడడానికి అదే పనికొస్తుంది. దాన్ని మొత్తం తీసేస్తే మనిషి కుప్పకూలతాడు. "బిగుతు ఎంత ఉంది?" అని మీరు అంకె వేస్తారు, సున్నా నుంచి నాలుగు దాకా. "ఆ బిగుతుతో రోజూ ఏం చేస్తారు?" అని ఎవరైనా అడిగితే బాగుంటుంది.

పంప్ దగ్గరకు వస్తాను. దీని గురించి మాకున్న భయం మిగతా వాటికంటే ఎక్కువ, కారణం మరీ చిన్నది: "పంప్" అనే మాట. మోటారు పంప్ ఊహించుకున్నాం. అరచేతిలో పట్టే గుండ్రటి బిళ్ళ అది, పొట్ట చర్మం కింద పెడతారు, సన్నటి గొట్టం వెన్నులోని నీటిలోకి వెళుతుంది. బిగుతు తగ్గించే బాక్లోఫెన్ అనే మందు నోటితో మింగితే మెదడుకు చేరి నిద్ర ముంచుకొస్తుంది, వెన్నుకు చేరేది కొంచెమే. నేరుగా వెన్ను నీటిలో వదిలితే నోటి మోతాదులో సుమారు వందో వంతు చాలు. అమెరికాలో రిచర్డ్ పెన్, జెఫ్రీ క్రాయిన్ 1984లో దీన్ని మొదట ప్రకటించారు. మెదడు కారణంగా వచ్చే బిగుతుకు అక్కడ 1996లో అనుమతి వచ్చింది. నడవలేని, ఒళ్ళంతా బిగుసుకుపోయే పిల్లలకూ, తలకు పెద్ద గాయమైన పెద్దవాళ్ళకూ ఇది మంచి దారి. ముందే పరీక్షించి చూసుకునే వీలుంది. నడుములో సూదితో ఒక్క డోసు ఇస్తే సుమారు నాలుగు గంటలకు పనితనం కనిపిస్తుంది, తర్వాత దిగిపోతుంది. నచ్చకపోతే పంప్ పెట్టరు. మోతాదును బయటి నుంచే పెంచొచ్చు, తగ్గించొచ్చు. వెన్ను నరాలు కోయడానికీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే. వెనక్కి రావడానికి దారి ఉంది.

ఇంకో తేడా ఉంది. పంప్ పెళ్ళిలాంటిది, ఆపరేషన్ రోజుతో అయిపోదు. కొన్ని నెలలకోసారి సూదితో మందు నింపాలి. బ్యాటరీ కొన్నేళ్ళకు అయిపోతుంది, మళ్ళీ కోసి మార్చాలి. గొట్టం మెలిక పడొచ్చు, తెగొచ్చు, ఇన్‌ఫెక్షన్ రావొచ్చు. మందు ఉన్నట్టుండి ఆగిపోతే ముందు ఒళ్ళు దురద, తర్వాత జ్వరం, మునుపటికంటే భయంకరమైన బిగుతు, మతి తడబడడం, వైద్యం అందకపోతే ప్రాణం పోవడం. ఆ దురద కథ ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసుండాలి. పంప్ ఉన్నవాళ్ళను అలర్జీ మాత్ర ఇచ్చి ఇంటికి పంపేసే డ్యూటీ డాక్టరుకు ఇంకా ముందు తెలిసుండాలి.

ఇక ఎముకల డాక్టర్లకు. మీమీద నాకు ఫిర్యాదు ఉంది, కృతజ్ఞతా ఉంది. ఫిర్యాదు ముందు. మా పాప నాలుగున్నరేళ్ళప్పుడు మడమ తాడు పొడిగిస్తామన్న ఆయన మాటకు మేం దాదాపు సరేనన్నాం. తేదీ కూడా రాసుకున్నాం. పాపకు జలుబు చేసి వాయిదా పడింది. ఆ జలుబుకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. రెండు కాళ్ళూ బిగిసిన పిల్లకు, కండరం పొడవు ఇంకా ఉన్నప్పుడు, మడమ తాడు ఒక్కదాన్నే అతిగా పొడిగిస్తే పిక్క బలం పోతుంది. మునివేళ్ళ నడక పోయి, మోకాళ్ళు వంగిపోయి కూర్చున్నట్టు నడిచే నడక వస్తుంది. మొదటిదానికంటే అది చాలా కష్టం, సరిచేయడం ఇంకా కష్టం. ఏడాదికో తాడు కోస్తూ పోయే పద్ధతిని టొరంటో సర్జన్ మెర్సర్ రాంగ్ పుట్టినరోజు జబ్బు అని వెక్కిరించాడు, పాపం ఆ పిల్లలు ప్రతి పుట్టినరోజుకూ ఆస్పత్రిలోనే ఉండేవాళ్ళట. ఇప్పుడు మంచి చోట్ల కాళ్ళు కొంత ఎదిగేదాకా ఆగి, నడకను కెమెరాలతో కొలిచి, తొడ, మోకాలు, మడమ, అవసరమైతే ఎముక మెలికలు కూడా ఒకేసారి సరిచేస్తున్నారు. అది తెలిసిన డాక్టరు "ఇప్పుడు కాదు, ఇంకో నాలుగేళ్ళ తర్వాత" అనగలరు. మాకు ఆ మాట అన్నవాళ్ళు అప్పుడు లేరు.

విచిత్రం ఏమిటంటే మడమ తాడు కోసే ఈ పనికీ ఈ జబ్బుకూ చుట్టరికం పాతది. పిల్లల్లో ఈ బిగుతును మొదట వివరంగా రాసిన లండన్ డాక్టర్ విలియం లిటిల్‌కు చిన్నప్పుడే పాదం వంకరపోయింది. 1836లో జర్మనీ వెళ్ళి స్ట్రోమేయర్ అనే సర్జన్ చేత తన మడమ తాడే కోయించుకుని, బాగై, ఆ విద్య నేర్చుకుని వచ్చాడు. ఆయన పాదానిది వేరే కారణం, పనిచేసింది.

కృతజ్ఞత తుంటి విషయంలో. తొడ లోపలి కండరాలు ఏళ్ళ తరబడి లాగుతుంటే తుంటి బంతి గిన్నెలోంచి మెల్లగా బయటికి జరుగుతుంది. మొదట నొప్పి ఉండదు, పిల్ల ఏడవదు, పైకి ఏమీ కనిపించదు. ఎక్స్-రే ఒక్కటే చెబుతుంది. ఆస్ట్రేలియాలో 2006లో వచ్చిన పరిశోధనలో సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో సుమారు మూడో వంతు మందికి తుంటి జరిగింది. సొంతంగా బాగా నడిచే పిల్లల్లో ఒక్కరికీ లేదు, మెడ కూడా నిలపలేని పిల్లల్లో 90 శాతం మందికి ఉంది. స్వీడన్ దక్షిణ ప్రాంతంలో 1994 నుంచి పిల్లలందరికీ వరసగా తుంటి ఎక్స్-రేలు తీస్తూ, జరగడం మొదలవగానే చేయాల్సింది చేస్తూ వచ్చారు. తుంటి పూర్తిగా ఊడిపోవడం అక్కడ అరుదైపోయింది. గొప్ప మెషీన్ ఏమీ కాదు, ఎక్స్-రే, ఒక క్యాలెండరు. మా అమ్మాయికి మూడేళ్ళప్పుడు ఒక ఎముకల డాక్టరుగారు ఎవరూ అడగకుండానే ఎక్స్-రే రాశారు, ప్రతి ఏడాదీ తీయించమని చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. అలాంటి చీటీ ప్రతి పిల్లకూ ఎందుకు ఉండదు?

పిల్లల గురించే చెప్పుకుపోతున్నాను. మా బావగారికి యాభై రెండో ఏట పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుని గోళ్ళు అరచేతిలో దిగేవి. చీము వాసన వచ్చేది. కుడిపాదం లోపలికి తిరిగి, అంచు మీద నడిచేవారు. మూడేళ్ళు "ఎక్సర్‌సైజ్ చేయండి" తప్ప ఇంకో మాట వినలేదు. బొటాక్స్ ఇంజెక్షన్ ఉందని కూడా బయట విన్నాం. అది మూడు నెలల పాటు సడలించింది, మళ్ళీ మొదటికొచ్చింది. పెద్దవాళ్ళ పక్షవాతానికి ఆపరేషన్ ఏమిటని మేమూ అనుకున్నాం. అసలు అడగలేదు. అడగనిదే చెప్పరని తర్వాత తెలిసింది.

ఇందాక నేను చెప్పిన నాలుగో చోటు ఆయనకు సరిపోయింది. పిక్క కండరాలకు వెళ్ళే నరపు కొమ్మల్లో కొంత భాగాన్ని మాత్రమే కోయడం, న్యూరోటమీ. దానికి ముందు మోకాలి వెనక మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. కొన్ని గంటలు ఆయన పాదం నేలకు చదునుగా ఆనింది. మెట్టు ఎక్కి దిగి చూపించారు. మూడేళ్ళలో ఆయన నవ్వడం అదే మొదటిసారి, ఇంజెక్షన్ దిగిపోతుంటే ముఖం మాడ్చుకున్నారు కూడా. ఆ పరీక్షలో ఇంకో లాభం ఉంది. మత్తు ఇచ్చినా పాదం రాకపోతే బిగుతు కాదు, కండరం కురచైపోయింది, తాడు పొడిగించాలి అని అక్కడే తేలిపోతుంది. ఒక్క సూదితో ఏ నరం అన్న ప్రశ్నకు జవాబు.

చేతికి చేసింది వేరు. వేళ్ళ తాళ్ళు పొడిగించారు. ఆ చేత్తో ఆయన ఏమీ పట్టుకోలేరు, ముందే చెప్పారు, చెప్పినందుకు వాళ్ళకు వెయ్యి దండాలు. కానీ అరచెయ్యి తెరుచుకుంటుంది. కడగొచ్చు, గోళ్ళు తీయొచ్చు, చొక్కా తొడగొచ్చు. మా అక్కకు ఉదయం పూట పని చాలా తేలికైంది. ఆపరేషన్ లక్ష్యం ఎప్పుడూ "చెయ్యి పనిచేయాలి" అనే ఉండక్కర్లేదు. "చెయ్యి శుభ్రంగా ఉండాలి" అన్నది కూడా కాగితం మీద రాయదగ్గ లక్ష్యమే. దాన్ని చిన్నచూపు చూసేవాళ్ళు రోజూ ఆ చెయ్యి కడిగి చూడండి.

షాంఘైలో షూ వెన్‌దోంగ్ బృందం చేసిన పని గురించి కూడా ఆయనకు చెప్పాను. పనిచేసే చేతి వైపు మెడలోని సి7 నరాన్ని తీసుకొచ్చి, పడిపోయిన చేతి వైపు కలిపారు. 36 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. ఆపరేషన్ చేయించుకున్న సగం మందికి చేతి పనితనం స్కోరు సగటున 17.7 పాయింట్లు పెరిగితే, వ్యాయామం ఒక్కటే చేసినవాళ్ళకు 2.6 పెరిగింది. బిగుతు కూడా తగ్గింది. అయితే మంచి చేతి నరాన్ని ఇవ్వాలి, ఆ చేతికి కొన్నాళ్ళు తిమ్మిరి, నీరసం ఉంటాయి, చాలా తక్కువ చోట్లే చేస్తున్నారు. మా బావగారు విని, "ఉన్న ఒక్క చెయ్యినీ పరీక్షకు పెట్టను" అన్నారు. అది ఆయన నిర్ణయం. ముందు తెలిస్తేనే కదా కాదనగలిగేది.

ఒక మాట మా వైపు నుంచి కూడా. మేం ఇంటర్నెట్‌లో వీడియో చూసి వచ్చి "ఇదే చేయండి" అని మీ ముందు కూర్చుంటాం. మీరు చెప్పిన వ్యాయామాలు రెండు వారాలు చేసి మానేస్తాం. బిగుతు ఉన్నట్టుండి పెరిగితే ఆపరేషన్ అంటాం, కారణం మలబద్ధకమో, మూత్రంలో ఇన్‌ఫెక్షనో, ఇరుకు చెప్పో, లోపలికి పెరిగిన కాలి గోరో అయ్యుంటుంది. మా బావగారికి ఒకసారి పడక పుండు వల్లే బిగుతు రెట్టింపైంది, పుండు మానగానే దిగింది. ఇవన్నీ మీరు మమ్మల్ని అడగాలి, మేమూ చెప్పాలి.

నేను అడిగేది కొత్త మెషీన్ కాదు. న్యూరోసర్జనూ ఎముకల డాక్టరూ ఫిజియోథెరపిస్టూ నెలకోసారైనా ఒకే గదిలో, మా ఎదుట, కూర్చోండి. మీలో మీకు తేడా ఉంటే మా ముందే తేల్చుకోండి, మా వంటింట్లో దాన్ని తేల్చే చదువు మాకు లేదు. ఆపరేషన్‌కి మత్తు ఇచ్చాక బిగుతు మాయమవుతుందనీ, కురచతనం మాత్రం మిగులుతుందనీ మీకు తెలుసు. ఆ క్షణంలో పాదాన్ని మళ్ళీ వంచి చూసి, బయటికొచ్చి "అనుకున్నంత కురచ లేదు, తక్కువే కోశాం" అని చెప్పే సర్జన్లు ఉన్నారు. వాళ్ళు ఎక్కువవ్వాలి. ఇక ఆపరేషన్ అవసరం లేదని మీకు అనిపిస్తే ఆ మాట కూడా కారణంతో సహా రాసివ్వండి. ఇంకో తలుపు తట్టకుండా ఆగడానికి మాకు అది కావాలి.

వెన్ను ఆపరేషన్ అయితే ఇక కాళ్ళ జోలికి వెళ్ళక్కర్లేదనుకున్నాం. ఎదిగేకొద్దీ దాని పిక్కలు నిజంగానే కురచయ్యాయి, ఇప్పుడు నెమ్మదిగా వంచినా పాదం రావట్లేదు, తొడ ఎముక లోపలికి తిరిగి ఉంది. ఈసారి తాడు పొడిగించాల్సి రావొచ్చని నాకూ తెలుసు. వచ్చే నెల పద్నాలుగున అపాయింట్‌మెంట్. ఈసారి అమ్మాయే అడుగుతుందట, పదకొండేళ్ళు వచ్చాయి కదా. నేను పక్కన కూర్చుంటాను. తెల్ల కాగితం, రెండు రంగుల పెన్నులు దాని బ్యాగులో పెట్టుకుంది. బొమ్మ వేసి, ఎక్కడ కోస్తారో ఎర్ర పెన్నుతో గీయమని అడుగుతుంది. దయచేసి గీయండి.

ఇట్లు,
రెండు చేతికర్రలతో నడిచే ఒక అమ్మాయి తండ్రి